మీకు తెలుసా? సంగటి ముద్దకూ పేగు గోడకూ ఉన్న చుట్టరికం

మన పేగు లోపలి గోడ మందం ఎంతో తెలుసా? ఒకే ఒక్క కణం. తిన్న తిండి, దాంతోపాటు పేగులో కాపురముండే కోటానుకోట్ల బ్యాక్టీరియా ఒకవైపు. మన రక్తం మరోవైపు. మధ్యలో అడ్డంగా నిలిచింది ఒక్క వరుస కణాలు, వాటిమీద పరుచుకున్న జిగురు పొర. అంతే. ఆ కణాలైనా కలకాలం ఉండవు. మూడు నుంచి ఐదు రోజుల్లో పాతవి రాలిపోతాయి, కొత్తవి పుట్టుకొస్తాయి. పోయిన ఆదివారం మీ పేగులో ఉన్న పొర ఈ ఆదివారానికి లేదు.

ఈ గోడను మడతలన్నీ విప్పి పరిస్తే టెన్నిస్ కోర్టంత ఉంటుందని చాలాకాలం పాఠ్యపుస్తకాలు రాశాయి. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్ళీ జాగ్రత్తగా కొలిచారు. నోటి నుంచి చివరి దాకా మొత్తం కలిపినా 32 చదరపు మీటర్ల దగ్గర తేలింది. అంటే బ్యాడ్మింటన్ కోర్టులో సగం కన్నా కాస్త తక్కువే. తక్కువైనా అది ఒంటి చర్మం కన్నా ఎన్నో రెట్లు పెద్దది.

కణానికీ కణానికీ మధ్య ఉన్న సందును టైట్ జంక్షన్లు అనే ప్రొటీన్ల అల్లిక బిగించి ఉంచుతుంది. ఆ బిగువు ఎప్పుడూ ఒక్కలా ఉండదు. తినే తిండిని బట్టి బిగుస్తుంది, వదులవుతుంది. ముఖ్యంగా తిండిలోని కొవ్వుకూ ఈ బిగువుకూ సంబంధం ఉందని, అక్కడ మొదలైన తేడా కాలేయం దాకా, షుగరు దాకా పోతుందని గత 20 ఏళ్ళలో చాలా పరిశోధనలు బయటపెట్టాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇళ్ళ కంచాల పక్కన కూర్చుని చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. రాగి సంగటి, అనపకాయల పితికిపప్పు, చెనిక్కాయల (వేరుశనగ) పచ్చడి ఊరిబిండి ఇంకా బతికున్న ఊళ్ళివి. నూనె ప్యాకెట్లు, బేకరీ పఫ్‌లు, సాయంత్రం బజ్జీల బండ్లు కూడా ఉన్న ఊళ్ళే.

కలరా నుంచి వచ్చిన మాట

పేగు గోడ దాటి రక్తంలోకి వచ్చి చిక్కు తెచ్చేవాటిలో ఒకటి 'ఎండోటాక్సిన్'. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? 1892లో బెర్లిన్‌లో రిచర్డ్ ఫైఫర్ కలరా క్రిముల మీద పనిచేస్తూ, చచ్చిన క్రిమి ఒంట్లో కూడా విషం ఉంటుందని గమనించాడు. బతికున్న క్రిమి బయటికి వదిలేది కాదు, దాని పైపొరలోనే భాగమైన పదార్థమది. దానికి ఆ పేరు పెట్టాడు. తర్వాత ఐదేళ్ళకు ప్లేగు పరిశోధన కోసం బొంబాయి కూడా వచ్చాడాయన. కలరాలో మనిషిని నిలువునా ఎండగట్టేది మాత్రం ఆ విషం కాదు. కలరా క్రిమి బయటికి వదిలే వేరే విషం పేగు గోడ మీద పనిచేస్తుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించాడు. ఆయనకు బతికుండగా దక్కాల్సినంత గౌరవం దక్కలేదు.

ఫైఫర్ చూసిన ఎండోటాక్సిన్ కథ అక్కడితో ఆగలేదు. అలాంటి పదార్థం మన పేగులో సహజంగా ఉండే ఎన్నో రకాల బ్యాక్టీరియా పైపొరలో ఉంటుంది. పేగులో ఉన్నంతసేపు దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. గోడ దాటి రక్తంలోకి వస్తేనే చిక్కు. ఎక్కువ మోతాదులో వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. అతి కొద్దిగా, రోజూ, నెలల తరబడి వస్తుంటే ఏమవుతుంది? ఆ ప్రశ్నను 2007లో రెండు బృందాలు గట్టిగా అడిగాయి.

అరగంటలో రక్తంలోకి

2007లో బ్రిటన్‌లో 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు 50 గ్రాముల వెన్న పూసిన రొట్టె పెట్టారు. అరగంట తిరక్కుండానే వాళ్ళ రక్తంలో ఎండోటాక్సిన్ పెరిగింది. జ్వరం తెప్పించేంత కాదు. సూక్ష్మంగా కొలిస్తే తప్ప తెలియనంత. అయినా పెరిగింది. భోజనం తర్వాత ఒంట్లో కనిపించే చిన్నపాటి వాపు లక్షణాలకు ఇదొక కారణం కావచ్చునని వాళ్ళు రాశారు.

అదే ఏడాది పాట్రిస్ కాని, నతాలీ డెల్జెన్ ఉన్న ఫ్రాన్స్-బెల్జియం బృందం చిట్టెలుకలతో ఇంకా లోతుకు పోయింది. నాలుగు వారాలు బాగా కొవ్వున్న మేత పెడితే వాటి రక్తంలో ఎండోటాక్సిన్ రెండు మూడు రెట్లయింది. మరో గుంపుకు మామూలు మేతే పెట్టి, అంతే మోతాదు ఎండోటాక్సిన్‌ను చర్మం కింద అమర్చిన చిన్న పంపు ద్వారా నెమ్మదిగా ఎక్కించారు. కొవ్వు మేత తినకపోయినా అవి లావెక్కాయి. వాటి కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేసింది, రక్తంలో చక్కెర పెరిగింది. ఎండోటాక్సిన్‌ను గుర్తుపట్టే సీడీ14 అనే ప్రొటీన్ పుట్టుకతోనే లేని ఎలుకలకు మాత్రం ఈ హాని చాలావరకు తగల్లేదు. నా ఉద్దేశంలో ఈ మొత్తం రంగంలో ఇంత శుభ్రంగా, ఇంత తెలివిగా చేసిన ప్రయోగం ఇంకొకటి అరుదు. కొవ్వు తింటే క్యాలరీలు ఎక్కువ కాబట్టి లావవుతాం అని మాత్రమే అనుకుంటున్న రోజుల్లో, పేగు గోడ కూడా ఈ కథలో పాత్రధారి అని చెప్పింది.

ఎండోటాక్సిన్ గోడ ఎలా దాటుతుంది? రెండు దారులున్నాయి. ఒకటి, కణాల మధ్య సందులు వదులైతే అటునుంచి జారిపోవడం. రెండోది మరీ విచిత్రం. కొవ్వులో చాలాభాగం రక్తంలోకి నేరుగా పోదు. పేగు కణాలు దాన్ని కైలోమైక్రాన్లు అనే చిన్న చిన్న గోళాలుగా చుట్టి శోషరస నాళాల్లోకి పంపిస్తాయి. మదనపల్లె యార్డు నుంచి చెన్నై పోయే టమాటా లారీలో పెట్టెల సందున ఎవరో ఎక్కి కూర్చున్నట్టు, ఎండోటాక్సిన్ ఆ గోళాలతో కలిసి ప్రయాణం చేసేస్తుంది. 2009లో అమెరికాలోని కెంటకీ పరిశోధకులు దీన్ని ప్రయోగంతో చూపించారు. ఈ రెండో దారికి గోడలో చిల్లు పడనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పేగులో కూడా జరుగుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. 2007 నాటి ఆ ఎలుకల కొవ్వు మేతలో 72 శాతం శక్తి కొవ్వు నుంచే వచ్చేది. మన ఇళ్ళలో ఎవరూ అలా తినరు. ఎలుకల ఫలితాన్ని తెచ్చి మన కంచంలో ఉన్నదున్నట్టు పెట్టేసి భయపడకూడదు. మనుషుల మీద చేసిన పరిశోధనలు కలిపి చూస్తేనే నిజం ఎంతో తెలుస్తుంది.

ఏ కొవ్వు అన్నది కూడా లెక్కే

2016లో అమెరికాలోని ఐయోవాలో 20 మందికి ఒకే రకం జావలో వేరువేరు నూనెలు కలిపి వేరువేరు రోజుల్లో ఇచ్చారు. కొబ్బరినూనె కలిపినప్పుడు రక్తంలో ఎండోటాక్సిన్ పెరిగింది. చేపనూనె కలిపినప్పుడు తగ్గింది. అంటే కొవ్వు అనగానే అన్నీ ఒకటి కాదు.

ఉమ్మడి చిత్తూరు జిల్లా నూనె అంటే ముందుగా చెనిక్కాయ నూనె. ఇందులో ఒలియిక్ ఆమ్లం, లినోలియిక్ ఆమ్లం కలిపి ముప్పావు వంతుకు పైగా ఉంటాయి. సంతృప్త కొవ్వు ఐదో వంతు దాటదు. పామాయిల్లో ఆ సంతృప్త కొవ్వు దాదాపు సగం. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి కాబట్టి అక్కడి వంటల్లో తమిళుల నువ్వుల నూనె, కొబ్బరి, మన చెనిక్కాయ నూనె అన్నీ కలుస్తాయి. ఇందులో దేన్నీ వెలివేయనక్కర్లేదు. ఏది ఎంత పడుతోందో చూసుకుంటే చాలు.

పుంగనూరు పాలు, పైత్యరసాన్ని ప్రేమించే క్రిమి

పుంగనూరు పొట్టి ఆవు పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో వాటికి మేత పెడుతున్న ఫొటోలు చూడనివారు తక్కువ. ఎత్తు మీటరు కూడా ఉండదు. రోజుకు మూడు నాలుగు లీటర్లిస్తే గొప్ప. ఆ పాలలో వెన్న మాత్రం 5 నుంచి 8 శాతం దాకా ఉంటుందని పేరు. మామూలు ఆవుపాలలో మూడున్నర, నాలుగు. ఒక పావు లీటరు గ్లాసులో 8 శాతం పాలు పోస్తే 20 గ్రాముల కొవ్వు వచ్చినట్టు. అంతరించిపోయే దశకు చేరిన ఈ జాతిని కాపాడడానికి పలమనేరు పశు పరిశోధన స్థానం ఏళ్ళ తరబడి చేసిన శ్రమ చిన్నది కాదు.

పాలకొవ్వు గురించి ఒక వింత ప్రయోగం ఉంది. కొవ్వు తిన్నప్పుడు దాన్ని కరిగించడానికి కాలేయం పైత్యరసం పంపిస్తుంది. 2012లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు చిట్టెలుకలకు పాలకొవ్వు, పంది కొవ్వు, కుసుమ నూనె వేరువేరుగా పెట్టి చూశారు. పాలకొవ్వు తిన్నవాటిలో పైత్యరసం రసాయనం మారింది. దాంట్లో గంధకం వాటా పెరిగింది. ఆ గంధకం కోసమే కాచుకున్నట్టు బిలోఫిలా వాడ్స్‌వర్తియా అనే క్రిమి పేగులో ఒక్కసారిగా పెరిగిపోయింది. బిలోఫిలా అంటేనే పైత్యరసాన్ని ప్రేమించేది. పేగువాపు వచ్చే జన్యులోపం ఉన్న ఎలుకల్లో ఆ క్రిమి పెద్దపేగును పుండు చేసింది. మామూలు ఎలుకలకు అలా కాలేదు. 2014లో మనుషుల మీద చేసిన పరిశోధనలో, మాంసం, గుడ్లు, జున్ను మాత్రమే తిన్నవాళ్ళ పేగులో కూడా ఇదే క్రిమి కొద్దిరోజుల్లోనే పెరిగింది.

మరి పుంగనూరు పాలు మానేయాలా? అక్కర్లేదు. షికాగో ఎలుకలకు వచ్చిన జబ్బు జన్యులోపం ఉన్నవాటికే వచ్చింది. మాంసం, జున్ను తిన్న మనుషుల కంచంలో ఆ రోజుల్లో పీచు దాదాపు లేదు. సంగటిలో కలుపుకున్న మజ్జిగకూ, పీచులేని కంచంలో ముద్దముద్దకూ తిన్న జున్నుకూ పోలికే లేదు.

నెయ్యిలో ఉంది, కానీ చేరాల్సిన చోటికి చేరదు

నెయ్యిలో బ్యుటిరిక్ ఆమ్లం ఉంటుందనీ, అది పేగుకు బలమనీ ఈమధ్య చాలామంది చెబుతున్నారు. మొదటి మాట నిజం. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రూల్ దాన్ని వెన్నలోనే కనిపెట్టాడు. వెన్నకొవ్వులో అది మూడు నాలుగు శాతం ఉంటుంది. పెద్దపేగు కణాలకు బ్యుటిరేట్ ముఖ్యమైన ఆహారం అన్నది కూడా నిజమే. చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. నెయ్యి ద్వారా తిన్న బ్యుటిరిక్ ఆమ్లం పైభాగంలోనే, అంటే కడుపు, చిన్నపేగు మొదట్లోనే పీల్చుకోబడుతుంది. పెద్దపేగు దాకా రాదు.

పెద్దపేగుకు కావలసిన బ్యుటిరేట్ అక్కడే తయారవ్వాలి. తయారుచేసేది బ్యాక్టీరియా. వాటికి కావలసిన ముడిసరుకు మనం అరిగించుకోలేని పీచు, అరగని పిండిపదార్థం. అవి ఎక్కడివి? రాగుల్లో, అనపగింజల్లో, ఉలవల్లో, కూరాకులో ఉన్నవి. రాత్రి మిగిలిన సంగటి చల్లారాక అందులోని పిండిపదార్థం కొంత అరగని రూపంలోకి మారుతుంది. పొద్దున్నే దాన్ని మజ్జిగలో పిసికి తాగే చద్ది అలవాటు పేగు క్రిములకు కూడా భోజనమే.

100 గ్రాముల్లో ఎంత తేడా

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలు ప్రచురించింది. అందులో 100 గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాములకు లోపు. కొవ్వు రాగుల్లో రెండు గ్రాములు కూడా లేదు. చెనిక్కాయ గింజల్లో కొవ్వు 40 గ్రాముల దాకా ఉంది. అయితే పక్కనే పది గ్రాముల పీచు కూడా ఉంది. ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. ఊరిబిండిలో కొవ్వు పీచుతో కలిసి వస్తుంది. గానుగాడి నూనె తీసేశాక పీచు పిండిచెక్కలో ఉండిపోతుంది, పశువులకు పోతుంది. మనకు మిగిలేది ఉత్త కొవ్వు.

ఈ తేడా పేగు గోడకు ఎందుకంత ముఖ్యం? 2016లో అమెరికా, లక్సెంబర్గ్ పరిశోధకులు చిట్టెలుకల మేతలోంచి పీచు తీసేశారు. తిండి దొరకని పేగు బ్యాక్టీరియా గోడ మీది జిగురు పొరనే తినడం మొదలుపెట్టాయి. పొర పలచబడింది. అప్పుడొక రోగక్రిమిని వదిలితే అది సులువుగా గోడను చేరి జబ్బు చేసింది. పెద్దపేగులో ఈ జిగురు రెండు పొరలుగా ఉంటుందనీ, లోపలి పొరలోకి మామూలుగా బ్యాక్టీరియా రానే రావనీ 2008లో స్వీడన్ వాళ్ళు చూపించారు. ఆ లోపలి పొరను కాపాడేది మన పీచే.

రెండు ముద్దలు, రెండు వారాలు

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పరిశోధన 2015లో వచ్చింది. అమెరికా పిట్స్‌బర్గ్‌లోని ఆఫ్రికన్ అమెరికన్లు 20 మంది, దక్షిణాఫ్రికా క్వాజులు-నటాల్ పల్లెటూరివాళ్ళు 20 మంది. మొదటివాళ్ళలో పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువ. రెండోవాళ్ళలో అది చాలా అరుదు. రెండు వారాలపాటు వీళ్ళ తిండి వాళ్ళకూ, వాళ్ళ తిండి వీళ్ళకూ మార్చారు. పల్లె ఆఫ్రికన్ల తిండి అంటే ముఖ్యంగా మొక్కజొన్న పిండితో వండిన గట్టి ముద్ద, చిక్కుళ్ళు, కూరలు. మన సంగటి కంచాన్ని చూసినవాళ్ళకు అది పరాయి తిండిలా అనిపించదు.

అమెరికావాళ్ళు ముద్ద తిన్నప్పుడు పీచు రోజుకు 14 గ్రాముల నుంచి 55కు పెరిగింది, కొవ్వు వాటా 35 శాతం నుంచి 16కు తగ్గింది. ఆఫ్రికావాళ్ళు బర్గర్లు, వేపుళ్ళు తిన్నప్పుడు పీచు 66 నుంచి 12కు పడిపోయింది, కొవ్వు 16 శాతం నుంచి 52కు ఎగబాకింది. రెండే వారాలు. ముద్ద తిన్నవాళ్ళ పెద్దపేగులో వాపు తగ్గింది, బ్యుటిరేట్ రెండున్నర రెట్లయింది, హానిచేసే పైత్యరస పదార్థాలు బాగా తగ్గాయి. బర్గరు తిన్నవాళ్ళలో సరిగ్గా తలకిందులు. పేగు గోడ ఇంత త్వరగా మారుతుందని చూసి ఆ పరిశోధకులే ఆశ్చర్యపోయారు.

ఇందులో కొవ్వు పెరగడం, పీచు తగ్గడం రెండూ ఒక్కసారే జరిగాయి. ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం. నిజ జీవితంలో కూడా అంతే జరుగుతుంది కదా. సంగటి పోయి పూరీ వచ్చినప్పుడు ఒక్క నూనె పెరగడంతో ఆగదు. రాగులూ పోతాయి.

217 మంది, ఆరు నెలలు

కొవ్వు ఒక్కదాన్నే మార్చి చూసిన పరిశోధన చైనాలో జరిగింది. 217 మంది ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులను మూడు గుంపులు చేశారు. పీచు అందరికీ దాదాపు ఒకటే. కొవ్వు వాటా మాత్రం ఒకరికి 20 శాతం, ఇంకొకరికి 30, మరొకరికి 40. పెంచిన కొవ్వు ఎక్కువగా సోయా నూనె, అంటే వంటనూనే. 2019లో ఫలితాలు వచ్చాయి. 40 శాతం గుంపులో బ్యుటిరేట్ తయారుచేసే ఫీకాలిబ్యాక్టీరియం తగ్గింది, రక్తంలో వాపు గుర్తులు పెరిగాయి. 20 శాతం గుంపు పేగులకు మేలు జరిగింది. ఆసియావాళ్ళ తిండి మీద, వంటనూనెతో జరిగింది కాబట్టి యూరప్ వెన్న రొట్టె కన్నా మనకు ఇదే దగ్గర.

టమాటాకు నూనె కావాలి

కొవ్వును విలన్ చేసేముందు మదనపల్లె టమాటా మాట వినాలి. టమాటా ఎరుపుకు కారణమైన లైకోపీన్ నీళ్ళలో కరగదు, నూనెలోనే కరుగుతుంది. 1992లో జర్మనీ శాస్త్రవేత్తలు స్టాల్, సీస్ టమాటా రసాన్ని కొద్దిగా నూనె వేసి గంటసేపు మరిగించి తాగించారు. అప్పుడు లైకోపీన్ రక్తంలోకి చేరింది. అదే రసం మరిగించకుండా తాగిస్తే చేరలేదు. 2004లో అమెరికాలో కూరగాయల సలాడ్ మీద కొవ్వు లేని డ్రెస్సింగ్ పోసి పెడితే కెరోటిన్లు దాదాపు ఏమీ ఒంటబట్టలేదు. ఎ, డి, ఇ, కె విటమిన్లదీ ఇదే దారి. కాస్త నూనెలో మగ్గిన టమాటా పచ్చడి అవ్వలు ఎందుకు చేశారో గాని, పేగుకు అది సరైన పద్ధతే.

పేగు గోడ దెబ్బతింటే కొవ్వు ఏమవుతుంది?

ఇప్పటిదాకా కొవ్వు గోడను ఏం చేస్తుందో చూశాం. గోడ పాడైతే కొవ్వు ఏమవుతుందో చెప్పే కథ తెలుగువాళ్ళ ఇంటిదే.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. ఆయనకూ అదే జబ్బు వచ్చింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. స్ప్రూలో చిన్నపేగు గోడ మీద వేళ్ళలాగా ఉండే మొలకలు చదునైపోతాయి. తిన్న కొవ్వు ఒంటబట్టదు. విరేచనం జిడ్డుగా, నురగగా పోతుంది. మనిషి ఎముకల గూడవుతాడు. సుబ్బారావు అమెరికా వెళ్ళాక లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది ప్రాణం పోసింది. మూడు నుంచి ఐదు రోజులకొకసారి కొత్త కణాలు పుట్టాల్సిన పేగు గోడకు, ఆ కణాలు చీలడానికి ఫోలేట్ తప్పనిసరి. అన్నదమ్ములను మింగిన జబ్బుకే మందు అందించిన మనిషి 1948లో 53 ఏళ్ళకే కన్నుమూశారు. ఇంత గొప్ప కథ మన స్కూలు పిల్లలకు ఇంకా సరిగ్గా చెప్పకపోవడం నాకు మింగుడుపడని విషయం.

1960–62లో స్ప్రూ దక్షిణాదిలో అంటువ్యాధిలా పల్లెల మీద పడింది. దాన్ని పట్టుదలగా చదివింది వేలూరు సీఎంసీ. కుప్పం నుంచి రైల్లో, మదనపల్లె, పుంగనూరు నుంచి బస్సుల్లో మనవాళ్ళు వైద్యానికి పోయే ఆసుపత్రే అది. సెల్విన్ బేకర్, వి.ఐ. మాథన్ అక్కడ చేసిన పని ఈ జబ్బు మీద ప్రపంచానికి ఆధారమైంది. జబ్బు లేదని చెప్పే మామూలు పల్లె జనంలో కూడా చాలామంది పేగు మొలకలు పొట్టిగా ఉన్నాయని వాళ్ళు చూశారు. మురికి నీళ్ళు, పదేపదే వచ్చే విరేచనాలు పేగు గోడను ఎంత అరగదీస్తాయో దాంతో తెలిసింది. పేగు బిగువు గురించి మాట్లాడేటప్పుడు తిండితోపాటు తాగే నీళ్ళను ఎందుకు మరవకూడదో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

గోడ ఎంత వదులైందో కొలిచే పద్ధతి కూడా తేలికే. లాక్టులోజ్, మానిటాల్ అనే రెండు రకాల చక్కెరలు కలిపిన నీళ్ళు తాగిస్తారు. మానిటాల్ చిన్నది, ఆరోగ్యమైన గోడ దాన్ని లోపలికి తీసుకుంటుంది. లాక్టులోజ్ పెద్దది, మామూలుగా దాటదు. మూత్రంలో లాక్టులోజ్ వాటా పెరిగితే గోడ వదులైనట్టు. వేలూరు చిన్నపిల్లల మీద ఈ పరీక్షతో పెద్ద పరిశోధనే జరిగింది. ఈ పరీక్ష ఏదీ చేయకుండానే 'మీ పేగు లీకవుతోంది' అని పొడులు అమ్మేవాళ్ళను నమ్మకండి.

కూనూరు కోతులు

తిండికీ పేగు గోడకూ ఉన్న ముడిని మన దేశంలో 100 ఏళ్ళ కిందటే ఒకరు విప్పడం మొదలుపెట్టారు. నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ కోతులకు విటమిన్లు లేని తిండి పెట్టి, వాటి పేగులను కోసి చూసి 1919లోనే రాశాడు. విటమిన్లు, ప్రొటీన్లు తక్కువై, పిండిపదార్థమో కొవ్వో మరీ ఎక్కువైన తిండి ముందుగా దెబ్బకొట్టేది పేగునే అన్నది ఆయన వాదన. కూనూరులో ఆయన మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థగా మారింది.

బజ్జీల మూకుడు

మళ్ళీ మళ్ళీ మరిగిన నూనె సంగతి వేరు. 2019లో అమెరికాలోని మసాచుసెట్స్ పరిశోధకులు ఒక హోటల్లో ఫలాఫెల్ వేయించిన నూనెను తెచ్చి చిట్టెలుకల మేతలో కలిపారు. ఫలాఫెల్ అంటే శనగలు రుబ్బి వేయించే వడలు, మన మసాలా వడలకు దగ్గరి చుట్టాలు. పేగువాపు ఉన్న ఎలుకల్లో ఆ నూనె వాపును ఇంకా పెంచింది. పేగు గోడ దాటి రక్తంలోకి బ్యాక్టీరియా పదార్థాలు ఎక్కువగా చేరాయి. తాజా నూనె తిన్నవాటిలో అంత లేదు.

మన దేశంలో ఆహార భద్రతా సంస్థ 2018 జులై 1 నుంచి ఒక హద్దు పెట్టింది. వేయించే నూనెలో చెడిపోయిన ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. సాయంత్రం బజ్జీల బండి దగ్గర దాన్ని కొలిచే సాధనం ఉండదు. కాబట్టి కంటినే నమ్ముకోవాలి. నల్లబడి, చిక్కబడి, వేడెక్కకముందే పొగ వదిలే నూనెలో వేసినవి తినకండి. ఇంట్లో పూరీలు వేయించగా మిగిలింది ఒకసారి తాళింపులకు వాడి అవగొట్టండి. మళ్ళీ మూకుట్లో పోయకండి.

సంగటి ఒక్కటే సరిపోదు

రాగులను ఇంత మెచ్చుకున్నాక ఈ మాట కూడా చెప్పాలి. 2025లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ పరిశోధన ప్రకారం మనదేశంలో మనిషి తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థాలనుంచే వస్తోంది. తెల్లన్నం బదులు అంతే పరిమాణంలో చిరుధాన్యాల పిండి తిన్నంత మాత్రాన షుగరు ముప్పు తగ్గినట్టు ఆ లెక్కల్లో కనిపించలేదు. పిండిపదార్థం కొంత తగ్గించి ఆ చోటులో పప్పుల, పాల ప్రొటీన్ పెంచినప్పుడు తగ్గినట్టు కనిపించింది. కాబట్టి ముద్ద కాస్త చిన్నదవ్వాలి, పితికిపప్పు గిన్నె కాస్త పెద్దదవ్వాలి.

నూనె ఎంత? జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, శరీర శ్రమను బట్టి మనిషికి రోజుకు 20 నుంచి 50 గ్రాముల వంటనూనె, నెయ్యి కలిపి. కూర్చుని పనిచేసేవాళ్ళకు కింది హద్దే వర్తిస్తుంది. లీటరు ప్యాకెట్‌లో 910 గ్రాములుంటాయి. నలుగురున్న ఇంట్లో తలా 25 గ్రాములు వేసుకుంటే నెలకు మూడు కిలోలు, అంటే మూడు ప్యాకెట్ల మీద ఇంకో పావు లీటరు చిల్లర. నెయ్యి, బయట తిన్న బజ్జీలు, బేకరీ సరుకు ఈ మూడు కిలోల్లోంచే తగ్గించుకోవాలి. ఈ నెల సరుకుల చీటీలో మీ ఇంటికి ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి.